హార్మన్‌విల్ బార్బర్ అన్నట్టు

1984 అక్టోబర్ పదహారు, మంగళవారం. ఆ మధ్యాహ్నం పాత్రికేయుడు విన్‌ఫీల్డ్ లూమిస్ తిన్నది గిన్నెడు బీన్స్ సూపు, మొక్కజొన్న రొట్టె, ఆపైన ఒక ముక్క యాపిల్ పై. ముప్పై ఒక్క ఏళ్లుగా ప్రతి ఉపన్యాసంలోనూ వాటిని మళ్లీ మళ్లీ తింటూనే ఉన్నాడు కాబట్టి ఆ తేదీ మరిచిపోయే ప్రమాదం లేదు. ఎన్నికల ముందు ప్రజల నాడి చూడడానికి ఒహాయోలోని హార్మన్‌విల్ అనే చిన్న ఊరికి వెళ్లిన రోజు అది. నాడి చూడడానికి ఆయనకు నలభై నిమిషాలు పట్టింది. అందులో ఇరవై, భోజనం చేసిన హోటలు పక్కనే ఉన్న ఎల్డన్ క్రైడర్ దుకాణంలో క్షవరానికే సరిపోయాయి.

మళ్లీ ఆ ఊరికి వెళ్లలేదు. అవసరం కలగలేదు. వాషింగ్టన్‌లో తన రాతబల్ల ముందు కూర్చుంటే చాలు, క్రైడర్ మాటలు వాటంతట అవే వచ్చేవి. పన్నులు తగ్గించాలన్నా, ఎక్కడో యుద్ధం చేయాలన్నా, పేదలకిచ్చే తిండి కూపన్లు ఆపాలన్నా, లూమిస్ వ్యాసం మూడో పేరా “హార్మన్‌విల్ బార్బర్ అన్నట్టు” అని మొదలయ్యేది. ఈత కొలనున్న ఇంట్లో పుట్టి, సూట్‌కేసు కూడా స్వయంగా మోయని మనిషికి ఆ బార్బరే కాళ్లూ చేతులూ అయ్యాడు. బజారులో నిలదొక్కుకోలేనిదేదీ బతకకూడదని ఆయన ఏ వారపత్రికలో రాసేవాడో, అది మాత్రం నలభై ఏళ్లుగా ఒక టెక్సస్ చమురు దొర దయ మీద బతుకుతోంది. ఆ విషయం మీద హార్మన్‌విల్ బార్బర్ ఎన్నడూ ఏమీ అనలేదు.

చివరికి ఆయనకు జీవితకాల పురస్కారం వచ్చింది. సామాన్యుడి మాట విన్న పాత్రికేయుడని. వాషింగ్టన్‌లోని పెద్ద హోటల్లో విందు మొదలవడానికి గంట ముందు, నిర్వాహకురాలు మిసెస్ ప్రూయిట్ పరుగులాంటి నడకతో వచ్చింది.

“సార్, మీకో కానుక! ఆయన్ని పిలిపించాం.”

“ఎవర్ని?”

“మీ బార్బర్నండీ! ఇంకా గట్టిగానే ఉన్నాడు. పతకం ఆయన చేతే మీ మెడలో వేయిస్తాం.”

లూమిస్ చేతిలోని గ్లాసు పక్కన పెట్టాడు. ఆ ముసలాయన మైకు ముందు నిలబడి ‘నేనెప్పుడూ అలా అనలేదు’ అంటే చాలు. ముప్పై ఏళ్ల పేరు, పదకొండు పుస్తకాలు, అన్నీ ఈ రాత్రే నీళ్లపాలు. నాలుగో బల్ల దగ్గర తోటి పాత్రికేయులు కూర్చుంటారు. అలాంటి రుచి కోసం వాళ్లు ఎన్నాళ్లుగానో ఆకలితో ఉన్నారు.

వేదిక వెనక గదిలో క్రైడర్ టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. డెబ్బై తొమ్మిదేళ్లు. గోధుమరంగు పాత సూటు.

“లూమిస్ గారేనా? ఒళ్లు చేశారే! ఏదీ, అటు తిరగండి. ఎవడండీ ఈ చెవి వెనక ఇలా వదిలేసింది?”

జేబులోంచి చిన్న కత్తెర తీశాడు. లూమిస్ మెడ వంచాడు. చెవి వెనక చల్లటి ఇనుము, నుదుటి మీద వెచ్చటి అరచెయ్యి. చిన్నప్పుడు తల్లి తర్వాత తన తలని ఇంత జాగ్రత్తగా పట్టుకున్నవాళ్లు ఎవరూ ఆయనకు గుర్తురాలేదు.

“క్రైడర్ గారూ, నేను రాసేవి మీరు చదువుతారా?”

“నాకెక్కడ తీరికండీ. గురువారం వస్తే మావాళ్లే దుకాణంలో చదివి వినిపిస్తారు. ‘ఏరా ఎల్డన్, ఈ వారం ఇరాన్ మీద పడ్డావేంట్రా’ అని ఒకటే నవ్వు. మా ఆవిడ ఉన్నప్పుడు, ‘ఇంట్లో ఉప్పు అందుకోమన్నా పలకవు, ఆయనకి ఇన్ని మాటలెప్పుడు చెప్పావయ్యా’ అని దెప్పేది.”

“కోపంగా ఉందా?”

“బుద్ధెరిగాక మీ పార్టీకి ఒక్క ఓటేసింది లేదు నేను. ఆరోజు మీకు చెప్పింది ఒకటే మాట. మా వంతెన కూలేలా ఉంది, వాషింగ్టన్ వాళ్లకి పట్టట్లేదు, వచ్చి బాగుచెయ్యమని చెప్పండి అన్నా. మీరేమో, వాషింగ్టన్ మా జోలికి రావద్దన్నానని రాశారు.”

“అదీ... సారాంశం అదే కదండీ.”

“కాదండీ. సారాంశం వంతెన.”

అంతలో పిలుపు వచ్చింది. వేదిక మీద క్రైడర్ మైకుని తన ఎత్తుకి దించుకున్నాడు.

“ముప్పై ఒక్క ఏళ్ల కింద ఈయనకి మా ఊరి వంతెన గురించి చెప్పా. ఈయన రాసింది వేరు. ఇప్పుడా వంతెన మూసేశారు. ఆసుపత్రికెళ్లాలంటే పదకొండు మైళ్లు చుట్టు. వాషింగ్టన్‌లో ఒక్కరూ విన్లేదు.”

హాలు వెనకనుంచి ఎవరో అరిచారు.

“అదీ మాటంటే! ప్రభుత్వానికి వంతెన కట్టడం కూడా చేతకాదు!”

అంతే, అందరూ లేచి నిలబడి చప్పట్లు. నాలుగో బల్ల దగ్గర ఒకరిద్దరు కళ్లు కూడా తుడుచుకున్నారు. క్రైడర్ అటూ ఇటూ చూశాడు. ఇక చేసేదేమీ లేక పతకం తీసి లూమిస్ మెడలో వేశాడు. రిబ్బను కింద వెంట్రుక చిక్కుకోకుండా వేలితో మెల్లగా సర్దాడు.

విందయ్యాక లూమిస్ ఆయన్ని ఎనిమిదో అంతస్తులోని గది దాకా సాగనంపాడు. గండం గడిచిన హాయిలో మనసు మహా ఉదారంగా ఉంది.

“ఏం కావాలో అడగండి, కాదనను.”

“ఒక్క వారం వంతెన గురించి రాయండి. నేనన్నది అన్నట్టే.”

“తప్పకుండా! ఒకే ఒక్క చిన్న మార్పు. దాన్ని ప్రైవేటు కంపెనీకి ఇచ్చేస్తే బాగుంటుందని మీరు...”

“నేననలేదు.”

“అంటే ఎంత బలంగా ఉంటుందో చూడండి!”

క్రైడర్ గది తలుపు తెరిచి, గుమ్మంలో నిలబడి వెనక్కి తిరిగాడు.

“పోనీ ఒక పని చేయండి. వచ్చే గురువారం నన్ను చంపేయండి.”

“అయ్యో, అవేం మాటలండీ!”

“కాగితం మీదేనండీ. నిద్రలో పోయాడని రాసేయండి. ఇంకున్న నాలుగు రోజులూ నా మాటలు నేను మాట్లాడుకుంటా.”

లూమిస్ కళ్లు నిజంగానే చెమ్మగిల్లాయి. చెయ్యి మాత్రం తెలియకుండానే జేబులోని నోటుపుస్తకం మీదికి పోయింది.

“దేశమంతా ఏడ్చేలా రాస్తాను, ఎల్డన్ గారూ. మరి పోయేముందు, పన్నుల గురించి చివరి మాటగా ఏమన్నారని రాయమంటారు?”

క్రైడర్ ఆయన వంక చూశాడు. ఎడమ చెవి పక్కన జుట్టు ఇంకా కాస్త హెచ్చుతగ్గుగానే ఉంది. చెయ్యి కత్తెరున్న జేబు దాకా వెళ్లి ఆగింది. తర్వాత ఆయన లోపలికి జరిగి, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నాడు.