ఊదుడమ్మ ఇంటి పలక

నేను రొట్టె తేవడానికి వెళ్లి వచ్చేలోపే మా ఇంటి గోడకు పలక అతికించి పోయారు. తెల్లటి పింగాణీ మీద నీలం అక్షరాలు. సిమెంటు ఇంకా ఆరలేదు.

అది ఊడి ఎవరి నెత్తిన పడుతుందో, కేసు మా మెడకు ఎక్కడ చుట్టుకుంటుందో అని ముందు భయపడ్డాను. ఆ తర్వాతే చదివాను. "ముగ్గురిని పట్టించిన ఊదుడమ్మ ఈ ఇంట్లో నివసించింది." కింద డాన్ ఎవారిస్తో లుయెంగో పేరు. నా చేతిలో రొట్టె రెండు ముక్కలైంది.

మేం మర్యాదగా డాన్ అని పిలిచే ఈ ఎవారిస్తో మా ఊరి మందుల షాపు వాళ్ల అబ్బాయి. చిన్నప్పుడే సరగోస పట్నానికి చదువుకు పంపారు. తర్వాత మాద్రిద్‌లో పెద్ద రచయిత అయ్యాడు, అక్కడే పోయాడు. ఈ ఏడు ఆయన శతజయంతి. ఆయన నవలలోని మనుషులు బతికిన ఇళ్లన్నీ సందర్శకులకు చూపిస్తామని ఊరి కౌన్సిల్ వాళ్లు బయలుదేరారు.

మా అమ్మమ్మ క్విటేరియాను ఊరంతా ఊదుడమ్మ అనే పిలిచేది, అది నిజమే. మా కొండ ఊళ్లో ఏదో ఒక ఎగతాళి పేరు లేని ఇల్లు లేదు. పందిని కోసిన రోజున పేగులు కడిగి, వాటిలోకి గాలి ఊది, ఎక్కడ చిల్లుందో చూసుకున్నాకే మాంసం కూరతాం. చిల్లు కనిపెట్టకపోతే సాసేజీ కుళ్లిపోతుంది. అమ్మమ్మది గట్టి ఊపిరి. చలి మొదలైందంటే ప్రతి ఇంటివాళ్లూ ఆమెనే పిలిచేవాళ్లు.

డాన్ ఎవారిస్తో ఆ సాసేజీలు తిన్నాడు గానీ పేగులు కడిగే చోటికి ఎన్నడూ రాలేదు. ఊదడమంటే చెవిలో ఊదడమే అనుకున్నాడు. అంతర్యుద్ధంలో ఓడిపోయి కొండల్లో దాక్కున్న మా ఊరివాళ్లు ముగ్గురి జాడ పోలీసు గార్డుల చెవిలో ఊదింది ఆమేనని నవలలో రాసిపారేశాడు. పేరైనా మార్చలేదు. పుస్తకం వచ్చిన ఏడు, పక్క ఊరి పండుగలో మా అమ్మ నాట్యానికి నిలబడితే ఒక్కడూ చెయ్యి అందించలేదు.

ఇప్పుడు నా కూతురి వంతు. పలక సంగతి అడుగుదామని నేను బయలుదేరేలోపే కౌన్సిల్ నుంచి కసిల్డా వచ్చింది.

"వీసీ, ఆదివారం మీ లోరెతోని నల్ల శాలువా కప్పుకుని గుమ్మంలో నిలబడమను. మా ఆయన గార్డు వేషం వేస్తాడు. ఆయన చెవిలో ఏదో గుసగుసలాడితే చాలు. సొంత మునిమనవరాలంటే జనానికి ఒళ్లు జలదరించాలి!"

"మా గుమ్మంలో, మా పిల్ల చేతే, మా అమ్మమ్మని తిట్టిస్తావా?"

"అబ్బా, అది సాహిత్యం వీసీ. ఎవరు పట్టించుకుంటారు?"

"మీ తాతని గొర్రెల దొంగ అంటారుగా, మరి ఆయనకేదే పలక?"

"ఆయన పుస్తకంలో లేడుగా!" అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

లోపల్నుంచి వచ్చిన లోరెతో తల వంచుకుంది. "నేను ఒప్పేసుకున్నానమ్మా. టీచరమ్మ అడిగింది. బడి బస్సులో ఎలాగూ అంటూనే ఉన్నారు."

"ఏమంటున్నారే?"

"నేను ఎక్కగానే 'ష్, వినేస్తుంది' అని అందరూ నోళ్లు మూసుకుంటారు. తర్వాత నవ్వుతారు."

నా కళ్ల ముందు అన్నీ కదిలాయి. తిండి మానేస్తుంది, చదువు మానేస్తుంది, ఆ పైన అనుకోవడానికే నోరు రానివి. తిన్నగా పక్కింటి సవీన అత్త దగ్గరికి వెళ్లాను. అమ్మమ్మను ఎరిగినవాళ్లలో మిగిలింది ఆమె ఒక్కతే.

"అత్తా, మా అమ్మమ్మ మీ ఇంట్లో కూడా ఊదింది కదా?"

"ఊదకేం. ఆ ముగ్గురి ఇళ్లలోనూ ఊదింది."

"మరి ఇన్నేళ్లు ఒక్కరూ నోరు విప్పలేదేం?"

"అచ్చయిన పుస్తకమే తల్లీ, మనమెవరం? అదీగాక, అసలు పట్టించిందెవరా అని వెతికితే ఎవరి గుమ్మం ముందు ఆగేదో! మీ గుమ్మం ముందు ఆగింది. అందరూ హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నారు."

లేచి బయటికి వచ్చాను. ఇంటికి వచ్చి మా ఆయన రమీరోతో అన్నాను, పందిని ఆదివారమే కోయాలని.

"చలి ముదరలేదే, మాంసం పాడైపోతుంది."

"పాడవనీ."

చిన్న తుమ్ముకే డాక్టరు దగ్గరికి పరుగెత్తే నా నోటి నుంచి ఆ మాట విని ఆయన కత్తులు నూరడానికి లేచాడు.

ఆదివారం సందర్శకులు గుంపుగా వచ్చారు. కసిల్డా మైకులో పుస్తకం చదువుతోంది. గుమ్మంలో నల్ల శాలువా కప్పుకున్న లోరెతోకి, గార్డు టోపీ పెట్టుకున్న ఆమె మొగుడు చెవి అప్పగించి నిలబడ్డాడు. నేను పేగుల బేసిన్ తెచ్చి గుమ్మంలో పెట్టి, ఒక పేగు తీసి లోరెతో చేతికిచ్చాను.

"ఊదు."

"ఛీ! అమ్మా, అందరూ చూస్తున్నారు!"

"చూడనీ. మీ ముత్తవ్వ ఊదింది దీన్నే. ఊదవే!"

నా మొహం చూసి ఊదింది. పేగు ఉబ్బింది. ఒకచోట నుంచి సన్నగా గాలి కూసింది.

"ఇదిగో చిల్లు," అంది లోరెతో. ఈ మధ్య అంత గట్టిగా దాని గొంతు వినలేదు.

"విన్నారా? ఊదడమంటే ఇదే. మా అమ్మమ్మ ఎవరి చెవిలోనూ ఊదలేదు!" అని అరిచాను.

ఒకావిడ ఫోను పైకెత్తింది. "ఎంత బాగుందండీ! ఇది కూడా నవలలో ఉందా?"

"లేదు. వచ్చే ఏడాది నుంచి కార్యక్రమంలో కలుపుతాం," అంది కసిల్డా, తడుముకోకుండా.

అప్పుడు పక్కింటి కిటికీలోంచి సవీన అత్త గొంతు వినిపించింది. "ఆ పిల్ల చెప్పేది నిజమే! మా ఇంట్లోనూ ఊదింది! ఆ మందుల షాపు పిల్లాడు కూడా తిన్నాడు ఆ సాసేజీలు!"

"ఇప్పుడా అత్తా? మా అమ్మ పోయాకనా?" అన్నాను. కిటికీ మూసుకుంది.

నేను లోపలికెళ్లి సుత్తి తెచ్చాను. "వద్దు వీసీ, జరిమానా వేస్తారు!" అన్నాడు రమీరో. వేస్తారని నాకూ తెలుసు. జైలు దాకా ఊహించుకున్నాను. నేను సుత్తి ఎత్తేలోపే లోరెతో దాన్ని అందుకుంది. శాలువా తీసి గార్డు చేతిలో పెట్టి, మెట్టెక్కి పలకకు ఎదురుగా నిలబడింది.

పెంకు ఎగిరి దాని కంట్లో పడితే?

"కళ్లు మూసుకుని కొట్టవే!" అని అరిచాను.