లెక్కల సారు నీడ

చెప్పండి, ఏం చూశారు? దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా రోజూ పోతారు గదా, ఏం చూశారు? ర్యాంకులు కొట్టిన పిల్లల ఫొటోలు మేడంత ఎత్తున చూశారు. ఆ ఫొటోల వెనక సందులో లెక్కలూ సైన్సూ మాత్రమే చెప్పే సర్కారు జూనియర్ కాలేజీ ఒకటుంది. దాన్ని చూశారా? చూడలేదు. అయితే వినండి.

అక్కడ పొద్దున తొమ్మిదింటికి బెల్లు కొడతారు. ప్రార్థన అయ్యాక సెకండియర్ ఆడపిల్లలు నలభై ఒక్క మంది రెండో నంబరు గదిలో కూర్చుంటారు. తూర్పు కిటికీలోంచి ఎండ బోర్డు మీద పడుతుంది. పడగానే గంగాధరరావు సారు నీడ వచ్చి పాఠం మొదలుపెడుతుంది.

సారు బదిలీ అయి రెండేళ్ళయింది. ఆర్డరు వచ్చిన రోజు ఆయన లెక్క మధ్యలో ఉన్నారు. మనిషి సంతకం పెట్టి వెళ్ళిపోయారు. నీడ మాత్రం లెక్క పూర్తి చేద్దామని ఆగింది. అట్లా ఆగిందే, ఇక పోలేదు. దానికి నోరు లేదు, చెవుల్లేవు. బోర్డు మీద రాస్తుంది, తనుండగా బోర్డు మీద ఎవరైనా రాస్తే చదువుతుంది. ముందే రాసి ఉంచినవి మాత్రం వస్తూనే తుడిచేస్తుంది. ముందుగా బెంచీలన్నీ చూసి, రాని పిల్లల రోల్ నంబర్లు బోర్డు మూలన వేస్తుంది. సారుకున్న అలవాటే అది. ఊడ్చే ముత్తమ్మ "సారూ, జర జరుగు" అంటూ చీపురు తిప్పుకుంటూ పోయేది.

ప్రిన్సిపాల్ ప్రసన్నకుమార్ స్టాఫ్ రిజిస్టర్లో నీడకు హాజరు వేశాడు. గౌరవంతోనే వేశాడు. దాంతో పై ఆఫీసు కాగితాల్లో లెక్కల పోస్టు నిండిపోయింది. కొత్త సారునిమ్మని పిల్లలు పెట్టుకున్న అర్జీ 'ఖాళీ లేదు' అనే ముద్రతో తిరిగొచ్చింది.

ఆ ఏడే పక్క స్థలంలో కోచింగ్ కాలేజీ వాళ్ళు మేడ లేపారు. ఒక్కో స్లాబు పడ్డప్పుడల్లా గదిలో పావుగంట ఎండ తగ్గింది. దసరా సెలవులు ముగిసి వచ్చేసరికి బోర్డు మీద వెలుగే లేదు. వెలుగు లేకపోతే నీడ ఎక్కడిది?

దారి కనిపెట్టింది సౌజన్య. రోల్ నంబరు ఇరవై ఏడు. ఎదురుగా ఉన్న ల్యాబు మేడ మీద రెండు గోడల మధ్యలోంచి ఇరవై నిమిషాలు ఎండ పడుతుంది. పాత బీరువా అద్దం ఒకటి మేడ మీదికి మోసుకెళ్ళి, ఆ ఎండను పట్టి గదిలోకి తిప్పింది. నీడ వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

వంతులు వేసుకున్నారు. కానీ మిగతా వాళ్ళు పట్టుకుంటే వెలుగు వణికేది, నీడ చెయ్యీ వణికేది, మైనస్ కాస్తా ప్లస్ అయ్యేది. సౌజన్య పక్కన కూర్చునే స్వప్న రెండు రోజులు పట్టి చేతులెత్తేసింది.

"నువ్వే పట్టుకోవే. నీ చెయ్యి రాయి లెక్క ఉంటది. నోట్సు నేనిస్తగా."

"రోజూ నేనేనా?"

"గీ ఒక్క చాప్టర్ అయిపోనీ."

ఒక్క చాప్టర్ నాలుగైంది. సౌజన్య ఎండలో నిలబడి అద్దం పట్టింది, సాయంత్రం స్వప్న నోట్సు ఎక్కించుకుంది. కింద గదిలో నీడ రోజూ బెంచీలు చూసి, బోర్డు మూలన ఇరవై ఏడు అని వేసింది. ప్రిన్సిపాల్ రోజూ దాన్ని రిజిస్టర్లోకి ఎక్కించుకున్నాడు. పై ఆఫీసు నుంచి హాల్‌టికెట్లు నలభయ్యే వచ్చాయి, హాజరు చాలలేదని ఇరవై ఏడుకు రాలేదు.

"సార్, నేను రోజూ ఒచ్చిన. మేడ మీద మీరే చూసిన్రు గద సార్!" అంది సౌజన్య ప్రిన్సిపాల్‌తో.

"చూశానమ్మా, కాదంటానా? కానీ లెక్చరర్ గారు వేసిన ఆబ్సెంటు నేనెలా కొట్టేస్తాను? ఆయనే దిద్దాలి. ఆయన దిద్దితే ఈ పూటే కాగితం పంపిస్తాను. ఇవాళే ఆఖరు మరి."

సౌజన్య తండ్రి అంతయ్య బాటసింగారం పండ్ల మార్కెట్లో హమాలీ. ముందురోజే అన్నాడు: "పరీక్ష పోతే నాతోని మార్కెట్‌కే బిడ్డా. బత్తాయి గంపలెత్తుడే. మీ అమ్మ నడుము జూసినవు గద."

దిద్దించాలంటే బోర్డు మీద రాసి చెప్పాలి. సౌజన్య తనే రాయడం కుదరదు. అద్దం వదిలి ఆమె కిందికొస్తే నీడ ఉండదు, వేరేవాళ్ళు పడితే ఆ వణుకులో దానికి రాత చదవడం కుదరదు. ఇంకెవరో రాయాలి.

"నేను రాస్త," అంది స్వప్న. "నువ్వు పోయి వెలుగు పట్టు. 'సార్, సౌజన్య మేడ మీదున్నది, అద్దం పట్టుకున్నది.' గంతే గద?"

"మర్చిపోవు గదా?"

"నీ యవ్వ, ఎట్ల మర్చిపోత?"

సౌజన్య మెట్లెక్కింది. వెలుగు బోర్డు మీద నిలబడింది. నీడ వచ్చింది, బెంచీలు చూసింది, మూలన ఇరవై ఏడు వేసింది. ఆ వెంటనే పెద్ద అక్షరాలతో మిగిలిపోయిన ఆఖరి పాఠం మొదలుపెట్టింది. పరీక్షకు మూడు రోజులుంది. ఎండ ఇరవై నిమిషాలుంది. పాఠం కూడా సరిగ్గా అంతే ఉంది.

స్వప్న చాక్‌పీసు పట్టుకుని లేచింది.

"కూసోవే, కనబడ్తలేదు," అంది వెనక బెంచీ.

"రాసేది ఉన్నది..."

"పాఠం అయినంక రాయి."

"అయినంక ఎండ ఉంటదా?"

ముప్పై తొమ్మిది పెన్నులు కాగితాల మీద పరుగెత్తుతున్నాయి. ఒక లైను తప్పిపోయిందని స్వప్న పక్కపిల్ల నోట్సులోకి తొంగి చూసింది. నిలబడి చూడ్డం కుదరక కూర్చుంది. చాక్‌పీసు బెంచీ మీద పెట్టి పెన్ను తీసింది. మేడ మీద సౌజన్య చెయ్యి వణకలేదు. ఆఖరి లెక్క జవాబు కింద నీడ రెండు గీతలు గీసింది, ఎండ పోయింది.

వాళ్ళని తిట్టకండి. వాళ్ళ ఇళ్ళలోనూ గంపలే ఉన్నాయి. ఆ చాక్‌పీసు మీ చేతిలో ఉంటే, మీరు లేచి రాసేవాళ్ళా?