ఒకే తొట్టి

"నీ మొగుడి బట్టలు నువ్వే ఉతుక్కో విన్నీ. ఇక నా తొట్టిలో వెయ్యకు," అంది హనోరా, మూడోసారి.

"ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడేమొచ్చిందక్కా? ఒకే జట్టు, ఒకే బురద."

"బురద ఒకటే. తరగతే వేరు."

తోటికోడళ్లిద్దరి మాటా వింటూనే అత్తగారు పొయ్యి దగ్గర బంగాళాదుంపలు ఒలుస్తోంది.

ఆ ఏడు, 1889లో, అమెరికాలో బేస్‌బాల్ జట్ల యజమానులు కూడబలుక్కుని ఆటగాళ్లను అయిదు తరగతులు చేశారు. ఏ తరగతికెంత జీతమో గీత గీశారు. ఎంత బాగా ఆడినా గీత దాటడానికి లేదు. బంతి విసిరేది విన్నీ భర్త డెనిస్. అతనిది మొదటి తరగతి. ఆ బంతులు పట్టీ పట్టీ వేళ్లు వంకర్లుపోయిన హనోరా భర్త మార్టిన్‌ది అయిదోది. అయిదో తరగతి వాళ్లు ఆటయ్యాక జనం కూర్చునే మెట్లు కూడా ఊడవాలి.

నిన్న హనోరా కళ్లారా చూసింది. మార్టిన్ నడుం వంచి వేరుశనగ తొక్కలు ఊడుస్తున్నాడు. విన్నీ కొత్త టోపీలో ఈక సవరించుకుంటూ డెనిస్ చెయ్యి పట్టుకుని ఆ తొక్కల మీదుగానే నడిచిపోయింది. చీపురు కన్నా ఆ ఈకే హనోరాకు ఎక్కువ గుచ్చుకుంది. ఈ పొద్దున చర్చిలో మోకరిల్లినా కళ్లముందు అదే ఆడింది.

మధ్యాహ్నం జట్టంతా ఆ వంటింట్లోనే చేరింది.

"ఆటగాళ్ల సంఘమంటారు, అందరం సోదరులమంటారు," అన్నాడు అయిదో తరగతి లాఫర్టీ. "ముందు నా చీపురు డెనిస్ దొరగారిని పట్టమను."

"గీత నేను గీశానట్రా?" అన్నాడు డెనిస్. "ఎన్ని ఆటలు గెలిపించినా నాకూ అంతకు మించి రాదు."

"అయ్యో పాపం. ఒక్క టోపీయే కొనగలిగావు."

అందరూ నవ్వారు. డెనిస్ కుర్చీ తన్ని లేచాడు.

"కూర్చో డెనిస్," అంది హనోరా. "ఆ టోపీ చూసి కుళ్లింది నేను. పొద్దుట్నుంచీ తొట్టి కోసం పోట్లాడుతున్నదీ నేనే. యజమానికి ఇంకేం కావాలి? మనం ఒకరి నెత్తి ఒకరం చూసుకుంటుంటే ఆయన జేబువైపు చూసేవాడే లేడు."

విన్నీ తల దించుకుంది. డెనిస్ కుర్చీ తిరిగి నిలబెట్టి అన్నాడు: "మంగళవారం నేను బంతి వెయ్యను. చీపురు పోవాలి, గీతా పోవాలి."

"నువ్వొక్కడివే మానితే ఇంకొకణ్ణి తెచ్చుకుంటారు," మార్టిన్ అప్పుడు నోరు విప్పాడు. "అందరం మానితే?"

"ఇక ఏ ఊళ్లోనూ ఆడనివ్వరు నాయనా," అంది తల్లి.

మార్టిన్ వంకర వేళ్ల చెయ్యి ఎత్తాడు. లాఫర్టీ ఎత్తాడు. ఒక్క చెయ్యీ కింద మిగల్లేదు.

వాళ్లు వెళ్లగానే హనోరా శాలువా కప్పుకుని బయటికి నడిచింది. డెనిస్ మానితే పత్రికలు రాస్తాయి, మార్టిన్ పేరు ఎవరు రాస్తారు? దారంతా ఆ కుళ్లు ఆమెతోనే ఉంది. అయినా ఆటగాళ్ల ఇళ్లన్నీ తిరిగింది.

రాత్రి భోజనాల దగ్గర విన్నీ డెనిస్ యూనిఫాం చేత్తో పట్టుకుని జంకుతూ నిలబడింది. హనోరా అది తీసుకుని తొట్టిలో, మార్టిన్ యూనిఫాం మీద వేసింది.

"నీళ్లు కాచనా?" అంది అత్తగారు.

"వద్దత్తయ్యా. రేపు ఈ ఇంట్లో ఎవరి యూనిఫామూ ఉతకడం లేదు." హనోరా రొట్టె కోసి అందరి పళ్లేల్లో వేస్తూ నెమ్మదిగా అంది. "లాఫర్టీ వాళ్లింట్లోనూ లేదు. అడిగొచ్చాను. ఏ ఇంట్లోనూ లేదు."