మిషన్ ముందు చెప్పులు

మా పెరట్లో, బావి పక్కన, బట్టలుతికే మిషన్ ముందు ఎప్పుడూ ఒక జత రబ్బరు చెప్పులుంటాయి. నీలం రంగువి. వాటిని వేసుకుని ఎవరూ వీధిలోకి వెళ్ళరు, ఆఖరికి బావి దాకా కూడా వెళ్ళరు. అవి మిషన్ ముట్టుకోవడానికి వేసుకునే చెప్పులు. అరిగిపోతే కొత్త జత వస్తుంది. ఈ తొమ్మిదేళ్ళలో ఇది నాలుగోదో ఐదోదో. జావాలో మా ఊరు క్లాతెన్‌లో, మా వీధిలో ఏ పెరట్లోకి తొంగిచూసినా ఇలాంటి జత ఒకటి కనబడుతుంది కాబట్టి నాకది ఎప్పుడూ వింతగా తోచలేదు.

మిషన్ వచ్చిన వారంలోనే నాకు షాక్ కొట్టింది. చంపేంత కాదు. తడి చేత్తో అంచు పట్టుకుంటే మోచేతి దాకా జిల్లుమంది, చేతిలో చొక్కా నీళ్ళలో పడిపోయింది. మా ఆయన మార్సూది అప్పుడే బయట్నుంచి వచ్చాడు. పక్క సందులోంచి నేరుగా పెరట్లోకి రావడంతో కాళ్ళకి చెప్పులు అలాగే ఉన్నాయి. విషయం చెబితే పొడి అరచెయ్యి మిషన్ మీద వేసి ఒక నిమిషం ఉంచాడు. "ఏదీ? నాకేం రావట్లేదే. కరెంటు నీ ఒంట్లోనే ఉందేమో చూసుకో," అని నవ్వాడు. అత్తయ్య లోపల్నుంచి ఒక పాత జత తెచ్చి నా కాళ్ళ దగ్గర పడేసింది. "ఇవేసుకుని ముట్టుకో. అందరూ చేసేదంతేగా," అంది. ఆవిడ మాత్రం తన బట్టలు ఎప్పుడూ మిషన్లో వెయ్యలేదు. బావి గట్టు మీద కూర్చుని చేత్తోనే ఉతుక్కునేది. మిషన్ ఉతుకుడుకి మురికి పోదనేది. ఎవరైనా ఇంటికొస్తే చాలు, "మా కోడలికి మిషనుంది, నాకు చేతులున్నాయి," అనేది. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు, నేను టీ కలపడానికి లోపలికి పోయేదాన్ని. తొమ్మిదేళ్ళు ఆ మాట విన్నాను. ఒక్కోసారి నిజంగానే నేను సుకుమారినేమో అనిపించేది, ఆ అనుమానం షాక్ కంటే ఎక్కువ బాధపెట్టేది.

మా వీధిలో కరెంటు పనంటే మార్సూదే. ఆగస్టులో స్వాతంత్ర్య దినానికి సందంతా రంగు దీపాలు కట్టేది ఆయనే. మసీదులో మైకు గురగురలాడితే కబురు ఆయనకే. వీధి చివర రాత్రి కాపలా గదిలో లైటు పోతే అన్నం ముందునుంచి లేచి వెళ్ళేవాడు. ఇంట్లో పని చెబితే మాత్రం, ఆదివారం చూస్తానుండు అనేవాడు. ఆదివారాలేమో గువ్వవి. మా ఆయనకి ఒక పాట గువ్వ ఉంది. దాన్ని గువ్వల పాటల పోటీలకి తీసుకెళ్తాడు. దానికి రెండు పంజరాలు, పోటీకి తీసుకెళ్ళేది ఒకటి, ఇంట్లోది ఒకటి. ఇంటి పంజరం వసారా చూరుకి వేలాడుతూ ఉంటుంది. దాన్ని కట్టిన తీగ మా మిషన్‌దే. మిషన్ వచ్చిన రోజున వెనకవైపు ఒక తీగ ఊరికే వేలాడుతూ కనబడింది. ఆకుపచ్చది, మీద పసుపు గీత. చివర ప్లగ్గు లేదు, ఏమీ లేదు. "కంపెనీవాళ్ళు ఎక్కువ పెట్టినట్టున్నారు," అని మా ఆయన దాన్ని కత్తిరించి పంజరానికి కట్టుకున్నాడు. మంచి తీగ, తుప్పు పట్టదు అని మురిసిపోయాడు కూడా. ఆ తీగ కిందనుంచే నేను రోజూ పనికి వెళ్ళి, పని నుంచి వచ్చేదాన్ని.

ఇంట్లో కరెంటు సంగతంతా నా తలలో ఉండాలి. మాకున్న కనెక్షన్ చిన్నది. అన్నం కుక్కరూ ఇస్త్రీపెట్టే కలిసి పనిచెయ్యవు. ఆ రెండిట్లో ఏది పెట్టినా నీళ్ళ మోటారు వెయ్యకూడదు. తప్పి వేస్తే వీధి గోడ మీద మీటర్ దగ్గర టప్పున స్విచ్ పడిపోతుంది. టీవీ ముందునుంచి, "ఎవరేం వేశారక్కడ?" అని మా ఆయన కేక వస్తుంది. అడిగేవాడికి తెలియదా ఎవరో. తెల్లవారుజామున మోటారు, తర్వాత అన్నం, అది ఉడికాక మా అమ్మాయి లారస్ స్కూలు బట్టల ఇస్త్రీ, ఆ తర్వాతే నేను పనికి. కుట్టుపని చేసే షెడ్డులో కూర్చుని కూడా ఇంట్లో కుక్కరు తీసేశానా లేదా అని గుర్తుచేసుకుంటూ ఉంటాను. దీన్ని పని అని ఎవరూ అనరు, నేనూ అనుకోలేదు.

పోయిన నెల లారస్‌కి పదమూడు నిండాయి. సోయా గింజల టెంపే వేపుడుతో అన్నం తింటూ మా ఆయన, "పిల్ల పెద్దదైంది, ఇక బట్టల పని దానికి అప్పజెప్పు, నీకూ సాయంగా ఉంటుంది," అన్నాడు. నా మీద దయతోనే అన్నట్టుంది. నాకూ ఒక పని తగ్గుతుందని ఆశ పుట్టింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. మర్నాడు లారస్‌ని మిషన్ దగ్గరికి తీసుకెళ్ళాను. సబ్బు ఎంత వెయ్యాలో, నీళ్ళు ఎక్కడిదాకా పొయ్యాలో చూపించాను. అది ఉత్తికాళ్ళతో ముందుకొచ్చి అంచు పట్టుకోబోయింది.

"చెప్పులేసుకుని ముట్టుకో," అన్నాను.

"ఎందుకమ్మా?"

"కొంచెం చురుక్కుమంటుంది. ఏం కాదు."

"మరి బాగుచేయించొచ్చు కదా?"

నాన్న చూస్తారన్నాను. అది ఆ నీలం చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. సరిగ్గా సరిపోయాయి. నా మడమ నొక్కుకుపోయిన గుంటలో దాని మడమ కూర్చుంది. ఆ మాట నాకు అత్తయ్య ఇచ్చింది, నేను నా బిడ్డకి ఇచ్చాను, పైగా ఏం కాదని కూడా చేర్చాను. ఆ రోజు లారస్‌ని లోపలికి పంపేసి బట్టలన్నీ నేనే ఉతికాను.

నేను పనిచేసే షెడ్డులో స్కూలు యూనిఫారాలు కుడతాం. ముప్ఫై కుట్టుమిషన్లు, అన్నీ కరెంటువే, అన్నీ ఇనుపవే. నాలుగేళ్ళుగా చెమట చేతులతో ఆ మిషన్ని పట్టుకుంటున్నాను, ఒక్కసారి కూడా జిల్లుమనలేదన్న సంగతి ఆ వారమే నాకు తట్టింది. బాబిన్ కిందపడితే తియ్యడానికి బల్ల కిందికి వంగాను. మిషన్ మోటారు నుంచి ఒక తీగ గోడలోకి పోతోంది. ఆకుపచ్చది, పసుపు గీతతో. మా గువ్వ పంజరం తీగే. నేను బల్ల కింద అలాగే ఉండిపోయాను. సూపర్‌వైజర్, "వార్సితీ, అక్కడేమైనా పడకేశావా?" అంటే చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

మెకానిక్ గునాది మధ్యాహ్నం అన్నం తింటుంటే వెళ్ళి అడిగాను. ముందు, మీకెందుకక్కా అవన్నీ అన్నాడు. కదలకుండా నిలబడ్డాను. అప్పుడు చెప్పాడు.

"అది ఎర్తు తీగక్కా. మిషన్లో ఎక్కడైనా కరెంటు దారి తప్పితే దాన్ని భూమిలో దించిన రాడ్డు దాకా తీసుకెళ్ళి భూమిలోకి పంపేస్తుంది. అది లేకపోతే మనిషి ఒంట్లోంచి పోతుంది, అంతే తేడా. ఇక్కడ ఏటా వచ్చి తనిఖీ చేస్తారు, లేకపోతే ఓనరు ఊరుకుంటాడా?"

నా జీతం కోసే చోట నా ప్రాణానికి ఒక తీగ ఉంది. నేను వండి వడ్డించే ఇంట్లో ఆ తీగ గువ్వకి ఉంది. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. సాయంత్రం దాకా కుట్లన్నీ వంకరగా పడ్డాయి.

ఆ రాత్రి మా ఆయనకి మళ్ళీ చెప్పాను. ఈసారి తీగ సంగతి కూడా చెప్పాను. ఫోన్లోంచి తలెత్తకుండా విన్నాడు. ఫ్యాక్టరీవాళ్ళ మాటలు ఇంటికి మోసుకురాకు అన్నాడు. మా అమ్మ కాలంనుంచీ ఎవరైనా పోయారా అన్నాడు. చివరికి వచ్చే ఆదివారం చూస్తానన్నాడు. వచ్చే ఆదివారం పక్క ఊళ్ళో గువ్వల పోటీ ఉందని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

శనివారం పని నుంచి వస్తూ లానీ అక్క ఇనుప సామాన్ల కొట్టుకి వెళ్ళాను. ఎర్తు రాడ్డు కావాలంటే ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, కొట్టేదెవరు, మీ ఆయనా అని అడిగింది. నేనేనన్నాను. ఆవిడ నవ్వలేదు. స్టూలు జరిపి కూర్చోమంది. రాగి పూత ఉన్న రాడ్డు, నాకంటే ఒక్క బెత్తెడు పొట్టి, బయటికి తీసింది. లావు తీగ కొంత, తీగలు కలిపే కనెక్టరు, ఒక టెస్టర్ ఇచ్చింది. కొట్టు నడుపుతూ ముప్ఫై ఏళ్ళలో నేర్చుకున్నదంతా పది నిమిషాల్లో చెప్పింది.

"తేమ ఉన్నచోట దించు, బావి నీళ్ళు పారే చోటైతే మేలు. పని మొదలుపెట్టే ముందు మిషన్ ప్లగ్గు పీకెయ్, మెయిన్ కూడా దించెయ్. రెండూ. టెస్టర్ని ముందు కరెంటున్న చోట పెట్టి వెలుగుతోందో లేదో చూసుకో. అది వెలిగాకే కరెంటు లేదనుకున్న చోట పెట్టు. చచ్చిపోయిన టెస్టర్ని నమ్మితే నువ్వే పోతావ్."

కరెంటు కారితే తనంతట తనే పడిపోయే స్విచ్ ఒకటుందని, దాన్ని కూడా తర్వాత తప్పకుండా పెట్టించుకోమని చెప్పింది. దానికి బోర్డు విప్పాలి, అది తెలిసినవాళ్ళ చేత చేయించాలి, నువ్వు ముట్టుకోకు అని గట్టిగా చెప్పింది. తెలియని పని ఏదో కూడా చెప్పినందుకు ఆవిడ మీద నాకు గురి కుదిరింది.

ఆదివారం మా ఆయన గువ్వని పోటీ పంజరంలో పెట్టుకుని తెల్లారకముందే వెళ్ళిపోయాడు. నేను అన్నం వండేసి, మిషన్ ప్లగ్గు పీకేసి, మెయిన్ దించేసి, పీట ఎక్కి ఖాళీ పంజరం కిందికి దించాను. తీగ విప్పాను. రంగు వెలిసింది గాని లోపల రాగి ఇంకా మెరుస్తోంది. లారస్ టెస్టర్ పట్టుకుని నా వెనకే తిరిగింది. రాడ్డుని బావి నీళ్ళు పారే కాలవ పక్కన నిలబెట్టి సుత్తితో కొట్టడం మొదలుపెట్టాను. మొదటి దెబ్బకే పక్కకి ఒరిగింది. రెండోది నా బొటనవేలి మీద పడింది.

అత్తయ్య వచ్చి నిలబడింది. మగవాడు వచ్చేదాకా ఆగలేవా అంది. తొమ్మిదేళ్ళు ఆగానన్నాను. ఆవిడ చీర కుచ్చిళ్ళు దోపినట్టు తన నడుముకి చుట్టుకున్న సారంగు పైకి దోపి, కింద కూర్చుని, రాడ్డుని రెండు చేతులతో నిటారుగా పట్టుకుంది.

"కొట్టు. నా చేతుల మీద మాత్రం కొట్టకు."

కొట్టాను. నీళ్ళు పోసి మళ్ళీ కొట్టాను. సగం దిగాక ఆవిడ రాడ్డు వైపే చూస్తూ అంది, "నన్నూ కొట్టిందే అది. నువ్వు చెప్పిన మర్నాడే. చెప్పులేసుకున్నా కొట్టింది, చెయ్యి గోడకి తగిలిందనుకుంటా. అప్పట్నుంచి దాని జోలికి పోలేదు."

సుత్తి దించేశాను. "మరి మీ అబ్బాయికి చెప్పలేదేం?"

"చెప్పాను. ముసలిదాని నరాలు బలహీనం, టానిక్కు తాగు అన్నాడు. మళ్ళీ చెప్పి పరువు పోగొట్టుకోవడమెందుకని చేత్తో ఉతుక్కున్నాను." అని రాడ్డుని మళ్ళీ నిటారు చేసి, "నిన్ను అన్న మాటలు... ఏదో ఒకటి అనాలి కదా," అంది.

ఇన్నేళ్ళూ ఆవిడ డాబు అనుకున్నది భయం. నాకు ఆవిడ మీద జాలేసింది, నాలుగు మాటలు అనాలనీ అనిపించింది. రెండూ మానేసి మళ్ళీ సుత్తి ఎత్తాను.

రాడ్డు నాలుగు వేళ్ళ ఎత్తు మిగిలేదాకా దిగింది. దానికి లావు తీగ బిగించాను. మిషన్ వెనక ఎర్తు స్క్రూకి ఇంకా తెగిన తీగ మొదలు అంటుకునే ఉంది, దాన్ని తీసేసి పంజరం తీగ కొసని ఆ స్క్రూ కింద పెట్టి బిగించాను. రెండు తీగల్నీ కనెక్టర్లో కలిపి, తడి తగలకుండా గోడకి పైన కొట్టాను. లారస్ టెస్టర్‌తో తొమ్మిదేళ్ళ మిషన్‌ని పరీక్షించడానికి తొందరపడింది. ముందు నేను చూస్తానన్నాను. మెయిన్ వేసి, టెస్టర్ కరెంటున్న చోట వెలుగుతోందని చూసుకుని, మిషన్ ప్లగ్గు పెట్టి, ఆన్ చేసి, టెస్టర్‌ని దాని ఒంటి మీద పెట్టాను. వెలగలేదు. నీలం చెప్పులు విప్పి పక్కన పెట్టాను. తడి గచ్చు మీద ఉత్తికాళ్ళతో నిలబడి వేళ్ళ వెనకవైపు ఆనించాను, తర్వాత అరచెయ్యి. చల్లటి రేకు, అంతే. అత్తయ్య కూడా వచ్చి చెయ్యి వేసింది, తియ్యలేదు చాలాసేపు. చెప్పులు తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేశాను.

మూడు గంటలకి మా ఆయన వచ్చాడు. వీధి గుమ్మంలో చెప్పులు విప్పి, పోటీ పంజరం చేత్తో పట్టుకుని వసారాలో నిలబడ్డాడు. ఇంటి పంజరం నేల మీద ఉంది.

"దీని తీగేదీ?"

"దాని చోట్లో ఉంది. పెరట్లోకి వచ్చి చూడండి. గువ్వకి కొబ్బరితాడు చాలు."

విసవిసా పెరట్లోకి వచ్చాడు. రాడ్డు చూశాడు, గోడ మీద కనెక్టరు చూశాడు. ఎవరు చేశారని అడిగితే లారస్, "అమ్మ, నాయనమ్మ," అంది. ఇలాంటివి తెలియనివాళ్ళు చెయ్యకూడదని, ప్రమాదమని మొదలుపెట్టాడు. మిషన్ తిరుగుతూనే ఉంది. సరే, చేసింది పనిచేస్తోందో లేదో మీరే ముట్టుకుని చెప్పండి, వీధిలో అందరికీ చెప్పేది మీరేగా అన్నాను.

చెయ్యి చాచాడు. మిషన్‌కి జానెడు దూరంలో ఆ చెయ్యి ఆగిపోయింది. తల వంచి తడి గచ్చు మీద తన ఉత్తికాళ్ళ వైపు చూసుకున్నాడు. తర్వాత మిషన్ ముందు, పక్కన, బావి గట్టు కింద చూశాడు. చెప్పుల కోసం.

మేం ముగ్గురం ఆయన వెతుకుతున్నదేమిటో చూశాం.

"చెప్పుల్లేవండీ. పారేశాను," అన్నాను. ఆయన చొక్కాలూ లుంగీలూ ఉన్న బుట్ట తీసి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను. "ఇవాళ్టినుంచి మీవి మీరే వేసుకోండి. ముట్టుకోండి, ఏం కాదు."