తొంభై ఆరు కిలోలు

తిరువూరు బస్టాండు పక్కన హనీఫ్ సైకిల్ షాపు పెట్టి ముప్పై నాలుగేళ్ళయింది. ఈ ముప్పై నాలుగేళ్ళలో ఊళ్ళో సైకిలు తొక్కేవాళ్ళు కరిగిపోయారు, హనీఫ్ మాత్రం మిగిలాడు. ఇప్పుడు షాపు ముందు ఆగేవి స్కూటర్లు, మోటారు సైకిళ్ళు. వాళ్ళకు కావలసింది గాలి, లేదంటే పంచరు. పంచర్ల హనీఫ్ అని పేరు కూడా పడిపోయింది. వంకరపోయిన రిమ్మును స్టాండుకెక్కించి, ఒక్కో స్పోకునీ వేలితో మీటి, ఆ చప్పుడును బట్టి బిగువు కనిపెట్టి, వెంట్రుకవాసి తేడా లేకుండా బెండు తీసే చెయ్యి చుట్టుపక్కల ఇంకొకటి లేదు. ఆ సంగతి ఎవరికీ అక్కర్లేదు. అది తలుచుకుంటే హనీఫ్‌కి ఒళ్ళు మండేది.

అలాంటి రోజుల్లో గిరిబాబు తగిలాడు. గిరిబాబుకి నెమలి గ్రామం వెళ్ళే దారిలో ముప్పై ఎకరాల మామిడి తోట, ఊళ్ళో ఎరువుల కొట్టు ఉన్నాయి. వయసు నలభై రెండు. మనిషి బాగా భారీ. రెండేళ్ళ కిందట డాక్టరు షుగరు పేరు చెప్పి భయపెడితే నడవడం మొదలుపెట్టాడు. నడక పరుగైంది, ఆపైన తోటలో బావిలో ఈత, ఆపైన సైకిలు. చివరికి అన్నీ కలిపి ఒక పిచ్చిలో పడ్డాడు. చెన్నై దగ్గర సముద్రపు ఒడ్డున పోటీ అట. పొద్దున్నే రెండు కిలోమీటర్లు ఈదాలి, తడి ఆరకుండా తొంభై కిలోమీటర్లు సైకిలు తొక్కాలి, దిగి ఇరవై ఒక్క కిలోమీటర్లు పరిగెత్తాలి. తెల్లారకముందే పెనుగొలను రోడ్డు మీద ఒంటికి అతుక్కున్న బట్టల్లో గిరిబాబు పోతుంటే పాల క్యాన్ల వాళ్ళు బండ్లాపి మరీ నవ్వుకునేవాళ్ళు. ఊళ్ళో నవ్వనివాడు హనీఫ్ ఒక్కడే.

ఒకరోజు గిరిబాబు షాపులో స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"హనీఫ్ భాయ్, పోటీకి గాలిని కోసుకుపోయే చక్రాలు కావాలి. మా విజయవాడ సైకిల్ క్లబ్బోళ్ళంతా తయారుగా ఉన్నవి తెప్పించుకుంటున్నారు. నేను మాత్రం రిమ్ములు, హబ్బులు, స్పోకులు విడిగా తెప్పిస్తా. నువ్వు కట్టు. నేను రేసు పూర్తి చేశానంటే క్లబ్బులో నలభై మంది నీ షాపు ముందుంటారు."

నలభై మంది రానక్కర్లేదు, పదిమంది వచ్చినా చాలు. పంచర్ల హనీఫ్ అన్న పేరు పోతే అంతకన్నా ఏం కావాలి. హనీఫ్ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

తండ్రికీ కూతురికీ వారం రోజులు ఇదే పని. మెహనాజ్ డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. కంపెనీల కాగితాలన్నీ ఫోనులో చదివి చెప్పింది. రెండు రకాలు తేలాయి. మొదటిది అరవై మిల్లీమీటర్ల లోతు రిమ్ము, వెనక చక్రానికి ఇరవై నాలుగు స్పోకులు. చూడ్డానికి నల్లగా నిగనిగలాడుతుంది, రోడ్డు మీద పోతుంటే హోరుమంటుంది. తొక్కే మనిషి నూరు కిలోలు దాటకూడదు. రెండోది నలభై ఐదు లోతు, ఇరవై ఎనిమిది స్పోకులు. కాస్త బరువెక్కువ, ఫోటోలో మామూలు చక్రంలాగే ఉంటుంది. నూట ఇరవై కిలోల దాకా మోస్తుంది.

"లోతు రిమ్ము వేసుకుంటే పక్కగాలి సైకిల్ని తోసేస్తుందంటగా?" అన్నాడు గిరిబాబు.

"అది బక్కవాళ్ళకండి. మీలాంటివాళ్ళు కూర్చుంటే బండి నిలకడగానే ఉంటుంది. చదునైన రోడ్డు మీద లోతు రిమ్ము మీకు మంచిదే. ఇబ్బందల్లా వెనక స్పోకులతోనే. బరువంతా పడేది వాటి మీదే కదండీ."

ఇక్కడ బరువెంతని అడగాలి. కాని స్థూలకాయుణ్ణి, అందులోనూ పెద్దరైతుని, మొహం మీద ఎంత తూగుతారని ఎలా అడుగుతాడు? హనీఫ్ అడిగిన నింద కంపెనీ మీదకు తోసేశాడు.

"కంపెనీవాళ్ళు బరువు రాసి పంపమంటున్నారండి. ఎక్కడన్నా తూకం వేయించి చీటీ పంపించండి."

అది మామిడికాయల సీజను. మర్నాడే చీటీ వచ్చింది. మామిడి షెడ్డులో కాయలు తూచే కాటా దగ్గర రాసే తెల్ల చీటీ. మీద గిరిబాబు పేరు, కింద 96, దాని కింద కాటా దగ్గర తూచే లాజరు సంతకం. ఇంకేం లేదు.

హనీఫ్ ఆ చీటీని చాలాసేపు చూశాడు. ముప్పై నాలుగేళ్ళుగా మనిషి సీటు మీద కూర్చోగానే టైరు ఎంత నొక్కుకుందో చూసి గాలి కొట్టినవాడు. గిరిబాబు కూర్చుంటే టైరు ఎంత కుంగుతుందో తెలుసు. అది తొంభై ఆరు కాదు. కాని చీటీ ఉంది, సంతకం ఉంది. పైగా అరవై లోతు చక్రమైతే నలుగురి కళ్ళలో పడుతుంది. కాగితం మీదున్నది కాదనడానికి మనమెవరం అనుకున్నాడు. మొదటి రకమే తెప్పించమన్నాడు.

చక్రాలు కట్టడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ షాపు షట్టరు సగమే లేపాడు. గాలికోసం వచ్చినవాళ్ళని కసిరి పంపేశాడు. గిరిబాబు క్లబ్బు గ్రూపులో పెట్టిన ఆ చక్రాల ఫోటోలు చూసి క్లబ్బు సెక్రటరీ నవీన్ కుమార్ మెహనాజ్ ఫోనుకు మెసేజ్ పెట్టాడు. రేసయ్యాక తనకూ తన తమ్ముడికీ రెండు జతలు కట్టాలట. హనీఫ్ ఆ మెసేజ్‌ని మూడుసార్లు చదివించుకున్నాడు.

పోటీకి ముందు గిరిబాబు రెండుసార్లు వచ్చాడు, వెనక చక్రం ఊగుతోందని. స్పోకులు వదులయ్యాయి. సరిగ్గా కట్టిన చక్రం మొదట్లో కొంచెం సర్దుకుంటుంది, నిజమే. కాని రెండోసారి కూడా అంత వదులవదు. మోయలేని బరువు పడుతోందని చక్రం చెబుతూనే ఉంది. హనీఫ్ మళ్ళీ బిగించి, నోరు మూసుకుని పంపేశాడు.

పోటీలో అరవై రెండో కిలోమీటరు దగ్గర, వంతెన అతుకు మీద, వెనక చక్రంలో రెండు స్పోకులు తెగాయి. చక్రం వంకరపోయి ఫ్రేముకు రాసుకుంది. గిరిబాబు పడలేదు, దెబ్బ తగల్లేదు. సైకిలు భుజానేసుకుని ఎండలో నిలబడితే వ్యాన్‌లో ఎక్కించుకుపోయారు. రెండేళ్ళ కష్టం అక్కడితో ఆగింది.

మర్నాడు నవీన్ కుమార్ మెసేజ్ పెట్టాడు, చక్రాలు వద్దని. దాంతోపాటు క్లబ్బు గ్రూపులో గిరిబాబు రాసిన మాటల ఫోటో కూడా పంపాడు. "ఊళ్ళో పంచర్లు వేసే మనిషిని నమ్మాను. తప్పు నాదే."

మెహనాజ్ చదివి వినిపించింది. హనీఫ్ లేచి చెప్పులేసుకున్నాడు. నేరుగా మామిడి షెడ్డుకి వెళ్ళాడు. కాటా దగ్గర లాజరు కూర్చుని ఉన్నాడు, ఆ చీటీ రాసిందీ అతనే. హనీఫ్ చీటీ చూపించి ఇది సరైన తూకమేనా అని అడిగాడు.

లాజరు చూసి నవ్వాడు. "సరైందే భాయ్. తరుగు పోను."

"తరుగేంటి?"

"నువ్వు కాయలెప్పుడూ అమ్మలేదు కదా. ఇక్కడ ఏది తూచినా మచ్చకీ కుళ్ళుకీ అని నూటికి పది కిలోలు తీసేసి రాస్తాం. అలవాటైన చెయ్యి. గిరిబాబు గారు నూట ఏడు తూగారు, నేను తరుగు తీసేసి తొంభై ఆరు రాశా. అక్కడున్నోళ్ళంతా ఒకటే నవ్వు. ఆయనా నవ్వాడు."

హనీఫ్ అక్కణ్ణించి ఎరువుల కొట్టుకి వెళ్ళాడు. గిరిబాబు కౌంటరు వెనక ఉన్నాడు. హనీఫ్‌ని చూసి లేవలేదు.

"మీకు తెలుసు కదండీ, అది తరుగు తీసిన చీటీ అని," అన్నాడు హనీఫ్. గొంతు పెంచలేదు.

గిరిబాబు ముందున్న బిల్లు పుస్తకం మూసేశాడు.

"తెలుసు. ఇరవై ఏళ్ళుగా ఆ కాటా నా కాయల్ని పదో వంతు మింగుతోంది. ఎప్పుడూ నాకు కడుపుమంటే. ఒక్కసారి నాకు కలిసొచ్చేలా తరిగింది. అలాగే ఉంచేసుకున్నా."

"మరి గ్రూపులో నన్నెందుకండీ..."

"నూట ఏడని రాయమంటావా అందులో? నలభై మంది ముందు?" గిరిబాబు లేచి దగ్గరికొచ్చాడు. "సరే, నేను అబద్ధమే చెప్పా. నువ్వు చూళ్ళేదా భాయ్? ఏడాదిగా నా టైరుకి గాలి కొడుతున్నావు. తొంభై ఆరంటే నమ్మావా?"

హనీఫ్ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. నమ్మానంటే చేతిపని తెలియనివాడు. నమ్మలేదంటే తెలిసీ కట్టినవాడు. ఇంత మంటతో వచ్చి చివరికి తనే దోషిలా నిలబడ్డానని గిరిబాబు మీద అసహ్యం వేసింది, అంతకన్నా ఎక్కువ తన మీదే వేసింది. తిరిగొచ్చేశాడు.

షాపులో మెహనాజ్ ఫోను పట్టుకుని ఎదురుచూస్తోంది. అప్పటికే లాజరుకి ఫోను చేసి సంగతంతా కనుక్కుంది.

"నవీన్ కుమార్ గారికి అంతా రాశాను నాన్నా. నూట ఏడనీ, తరుగు సంగతీ, అన్నీ. మా నాన్న చేతిలో తప్పు లేదని రాశాను. పంపిస్తున్నా."

"నాకు తెలుసని కూడా రాశావా?"

"ఏం తెలుసు?"

హనీఫ్ స్టూలు మీద కూర్చున్నాడు. "అది తొంభై ఆరు కాదని. చీటీ వచ్చిన రోజే తెలుసు. స్పోకులు రెండోసారి వదులైనప్పుడు ఇంకా బాగా తెలుసు. చెబితే ఆ లోతు చక్రాలూ, వాటితో వచ్చే పేరూ పోతాయని చెప్పలేదు."

మెహనాజ్ తండ్రి వైపు చూడలేదు. ఫోనులో రాసిందంతా ఒక్కో అక్షరం తుడిచేసి, పుస్తకాల సంచీ తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.