టీవీకి మాట రాలేదు

మా బడి ఇటిక్యాల దగ్గర ఒక చిన్న ఊళ్లో ఉంది. హెడ్మాస్టరు రాఘవేందర్ సారు, విద్యా వాలంటీరుగా నేను, వంట చేసే లలితమ్మ. అంతే. జూన్‌లో బడి తెరిచేసరికి ఊళ్లోకి ప్రైవేటు బడి బస్సు రావడం మొదలైంది. పిల్లలు ఇంకా తగ్గితే మా బడిని హైవే అవతలి ఊరి బడిలో కలిపేస్తామని సారుకు పైనుంచి ముందే చెప్పారు.

బడి పోయినా మిగతా పిల్లలకు బస్సు ఉంది. ఫీజు కట్టలేని మూడో తరగతి అఖిలకు అదీ లేదు. వాళ్ల అమ్మానాన్నలు నర్సమ్మ, సామ్యూల్ పుణేలో బిల్డింగు పనికి పోతారు. బడి వీధి చివరే కాబట్టి ఇన్నాళ్లూ అఖిలను నాయనమ్మ సుగుణమ్మ దగ్గర వదిలి వెళ్లారు. సుగుణమ్మకు చూపు సరిగా ఆనదు. పిల్లను రోజూ హైవే దాటించడం ఆమె వల్ల కాదు.

"బడి ఉంటే ఇడ్సిపోతం టీచరమ్మా. లేకుంటే ఎంబడి తీస్కపోతం," అన్నాడు సామ్యూల్. పుణేలో ఆడుకోవడానికి ఇసుక కుప్ప తప్ప ఏమీ ఉండదని అఖిలే నాకు ఒకసారి చెప్పింది.

తల్లులందరి మాటా ఒకటే, బస్సు బడిలో ఇంగ్లీషు చెప్తారని. సారు ఎవరెవరినో అడిగి ఒక టీవీ, హైదరాబాదులో ఏదో ఆఫీసులో తీసేసిన కంప్యూటరు సంపాదించారు. అందులో ఇంగ్లీషు పాఠాలు ఉన్నాయి. ఒకామె నెమ్మదిగా, స్పష్టంగా పలికి చూపిస్తుంది. ఆదివారం వచ్చి వినండి, విన్నాక మీ ఇష్టం అని సారు ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. వస్తామన్నారు.

గురువారం కంప్యూటరు వచ్చింది. మా ఊళ్లో ట్రాక్టరు కానీ బోరు మోటరు కానీ బొట్టు పెట్టకుండా నడపరు. లలితమ్మ పసుపు తడిపి, కుంకుమ తెచ్చింది. డబ్బా వెనక మూడు గుండ్రటి రంధ్రాలున్నాయి, ఆకుపచ్చ, నీలం, గులాబీ రంగుల్లో. బొట్టు కోసమే చేసినట్టున్నాయి. ఆమె మూడింటినీ పసుపుతో నింపి, మీద కుంకుమ అద్దింది. సారు కొబ్బరికాయ కొట్టారు. అందరం దండం పెట్టుకున్నాం.

బొమ్మ వచ్చింది. మాట రాలేదు. కంప్యూటరుతో వచ్చిన స్పీకరు వైరు పెట్టాల్సింది ఆ ఆకుపచ్చ రంధ్రంలోనే. ఎండిపోయిన పసుపును సారు చీపురుపుల్లతో గీకితే, దాంతోపాటు లోపలి రాగిరేకు విరిగి బయటికొచ్చింది. లలితమ్మ ఆ రోజు అన్నం తినలేదు.

శనివారం ఆ డబ్బాను తువ్వాలలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని గద్వాలకు పోయాను. షాపులో శివ మూత తీసి, వెనక్కి తిప్పి చూశాడు.

"ఏంది మేడం, కంప్యూటర్ను పేరంటానికి పిలిచిండ్రా?"

నేను తువ్వాలను మడతపెట్టాను. అతను నవ్వడం ఆపి పనిలో పడ్డాడు. రంధ్రాలు పనికిరావు, బయట తగిలించే సౌండు ముక్క ఒకటి ఉంటుంది కానీ హైదరాబాదు నుంచి తెప్పించాలి, వారం పడుతుందన్నాడు. తర్వాత ఇంకో దారి చెప్పాడు. టీవీకి బొమ్మను తీసుకుపోయే వైరే మాటను కూడా తీసుకుపోగలదు. కానీ బొమ్మను పంపే కార్డు పాతది, దానికి సొంతంగా మాట ఉండదు. బోర్డు మీది నుంచి రెండు పోగుల చిన్న వైరు లోపల్లోపలే కార్డుకు మాటను అందించాలి. ఆ వైరు ఎవరో పీకేశారు. పాత సీడీ డ్రైవు నుంచి అలాంటిదే తీసి తగిలించాడు. అతని మానిటరుకు స్పీకర్లు లేవు కాబట్టి అక్కడ వినలేకపోయాం. బడికి పోయాక స్క్రీను మీద ఏది నొక్కాలో చూపించాడు. బస్సులో దారి పొడవునా అదే మననం చేసుకున్నాను.

ఆదివారం తల్లులు వచ్చి కూర్చున్నారు. సామ్యూల్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. శివ చెప్పినవన్నీ నొక్కాను. టీవీలో ఆమె నోరు తెరిచింది, మూసింది. మాట పోతున్నట్టు స్క్రీను మూల ఆకుపచ్చ గీత ఎగిసిపడుతూనే ఉంది. సౌండు ఆఖరిదాకా పెంచాను. గదిలో ఫ్యాను చప్పుడే వినిపించింది.

"మూగామెను తెచ్చిండ్రా సారూ?" అంది తల్లుల్లో ఒకామె, స్వరూప. మిగతా తల్లులు నవ్వారు.

నేను టీవీ పక్కన నిలబడి, బొమ్మ కింద ఇంగ్లీషులో రాసి ఉన్నదాన్ని పైకి చదివాను. నాదీ ఊరి బడి చదువే. రెండు మాటల దగ్గర తడబడ్డాను. స్వరూప నా వైపు జాలిగా చూసింది.

"నువ్ చెప్పేది రోజు చెప్తనే ఉన్నవ్ గద తల్లీ," అని లేచింది. ఆమె వెనకే అందరూ లేచారు. అఖిల మాత్రం టీవీ ముందే కూర్చుని, ఆ నోటిని చూస్తూ తన నోరు కదుపుతోంది.

సోమవారం నలుగురు పిల్లలే వచ్చారు. మంగళవారం బడిని కలిపేస్తూ ఆర్డరు వచ్చింది. సారు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మధ్యాహ్నం దాకా మామూలుగానే పాఠం చెప్పారు.

బుధవారం నేను డబ్బా విప్పి, లోపల ఫోటో తీసి శివకు పంపాను. ఇంక దేనికో నాకూ తెలియదు. అతను వెంటనే ఫోన్ చేశాడు. బోర్డు మీద ఆ చిన్న వైరు తగిలించే చోట మూడు ఇనుప పుల్లలున్నాయి, తను తొందరలో ఒక పుల్ల పక్కకు తగిలించాడట. "జర జరిపి పెట్టుండ్రి మేడం. తప్పయింది," అన్నాడు.

జరిపి పెట్టాను. టీవీ ఒక్కసారిగా అరిచింది. ఆదివారం పెంచిన సౌండు అలాగే ఉంది. లలితమ్మ తడి చేతులతో పరుగెత్తుకొచ్చి, గోడకు ఆనుకుని నిలబడిపోయింది. నేను సౌండు తగ్గించాను. టీవీలో ఆమె ఒక్కో మాటా పలుకుతోంది. అఖిల వెంట వెంటనే పలుకుతోంది, నాకంటే శుభ్రంగా.

అప్పుడే సామ్యూల్ వచ్చాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. సాయంత్రం ఎర్రవల్లి చౌరస్తాలో పుణే బస్సు ఎక్కాలన్నాడు. కాసేపు గుమ్మంలో నిలబడి విన్నాడు.

"గిదే మొన్న మాట్లాడి ఉంటే సరిపోతుండె గద టీచరమ్మా."

కోపంగా అనలేదు. 

ఈ పాఠం అయిపోయాక వస్తానంది అఖిల. సామ్యూల్ ఫోనులో టైము చూశాడు. వద్దు, అమ్మ మూటలు కట్టింది అన్నాడు. అఖిల లేచి, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంది. కుడి ఎడమలు మారిపోతే విప్పి మళ్లీ తొడుక్కుంది. సామ్యూల్ ఆమె సంచి భుజాన వేసుకున్నాడు. వీధి మలుపులో సుగుణమ్మ నిలబడి ఉంది. అలికిడిని బట్టి చెయ్యి చాచితే, అఖిల వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంది.