సరళ కూర్చున్న రాయి

మా పంచాయతీ సర్పంచి పదవి ఈసారి ఆడవాళ్లకు వచ్చిందని తెలిసిన రోజు నేను తలంటుకుని కొత్త చీర కట్టుకున్నాను. నేను కాక ఇంకెవరున్నారు మరి? పదేళ్లుగా మహిళా సంఘం నడుపుతున్నది నేను. హుకుంపేటలో ఏ ఆఫీసు ఏ మూల ఉందో తెలిసినదాన్ని నేను. మిరియాలు కొనే షావుకారు తూకంలో మోసం చేస్తే కాటా పట్టుకుని నిలదీసిందీ నేనే.

మగవాళ్లు రాళ్ల దగ్గర కూర్చుని సరళ పేరు తేల్చారు.

మా ఊరి మధ్యలో పెద్దలు కూర్చునే రాళ్లున్నాయి. తీర్పులన్నీ అక్కడే. ఆడది ఆ రాయి మీద కూర్చుంటే తప్పు కట్టాలి, మేకను కోసి ఊరంతటికీ పెట్టాలి. సరళ నా తోడికోడలు, నా మరిది జగదీష్ భార్య. "రమణికి నోరెక్కువ. సరళైతే సెప్పినకాడ సంతకం పెడతాది" అన్నాడట ఊరి పెద్ద సోంబరు. మా ఆయన అక్కడే ఉండి తలూపి వచ్చాడు. ఆ పూట ఆయనకు గంజి కూడా పోయలేదు.

అప్పట్నుంచి నా కడుపు మండుతూనే ఉంది. దాచుకోవడం ఎందుకు? జెండా పండగనాడు సర్పంచి హోదాలో సరళ తాడు లాగితే ముడి బిగుసుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే జెండా విచ్చుకుని బంతిపూలన్నీ దాని నెత్తిన రాలాయి. అంగన్‌వాడీ గోడకు బిగించిన పలక మీద దాని పేరు చెక్కారు. అటు వెళ్లినప్పుడల్లా చూడకూడదనుకుంటాను, చూస్తాను. నిన్నటిదాకా ఒంటరిగా బస్సెక్కడానికి భయపడ్డ గుంటను ఎండీఓ గారు "రండి సర్పంచి గారూ" అని పిలుస్తున్నాడు.

పోయిన వారం రాళ్ల దగ్గర గ్రామసభ పెట్టారు. కాఫీ గింజలు ఆరబెట్టుకోవడానికి సిమెంటు కళ్లం మంజూరైంది, ఎక్కడ కట్టాలో తేల్చాలి. అందరికీ దగ్గరగా సంఘం షెడ్డు పక్కన కట్టమన్నాం ఆడవాళ్లం. జగదీష్ తన ఇంటి వెనక కట్టాలంటాడు. రాయి మీద కాలు మీద కాలేసుకుని, "సర్పంచి మాట ఇదే" అంటూ అన్నిటికీ వాడే జవాబు చెబుతున్నాడు. సర్పంచేమో వాడి వెనక చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత దాన్ని ఇంకొంచెం చిన్నబుచ్చాలనిపించింది. వెనగ్గా వెళ్లి చెవిలో అన్నాను.

"ఏటే, సర్పంచి నువ్వా, నీ మొగుడా? నువ్వయితే పోయి కూసో, సూత్తాను."

అది కూర్చోదని నాకు తెలుసు. తల దించుకుంటుంది, నలుగురూ చూస్తారు, నాకు అంతే చాలు.

సరళ నా మొహంలోకి చూసింది. నడిచి వెళ్లి మొగుడి పక్కన రాయి మీద కూర్చుంది. "కళ్లం సంఘం షెడ్డు కాడే కడదాం" అంది. గొంతు వణికింది కానీ మాట అందరికీ వినబడింది.

సోంబరు కర్ర ఊపుకుంటూ లేచాడు. "ఓలమ్మీ, తప్పు కట్టాల! మేక తేవాల! ఎవులే నిన్ను కూసోమన్నారు?"

నా పేరు చెబుతుందనుకున్నాను.

"ఎవులూ అననేదు తాతా. నానే కూసున్నాను. మేక నానే తెత్తాను."

ఆడవాళ్లలో గుసగుస లేచింది. "ఎంత గుండె ఆ గుంటది!" అంది ఒకామె. "మన సరళే!" అని ఇంకొకామె చప్పట్లు కొట్టింది. వాళ్లంతా నా సంఘం వాళ్లే, నా కోసం ఒక్కనాడూ చప్పట్లు కొట్టలేదు.

నన్ను కాపాడిందని కృతజ్ఞత పుట్టాలి కదా, పుట్టలేదు. పదవి తీసుకుంది, పూలు తీసుకుంది, పలక తీసుకుంది. ఇప్పుడు తప్పు కూడా దానికేనా? ఆ మాట నాది. ఇన్నేళ్లూ నేల మీద కూర్చుని, ఒక్కసారి ఆ రాయి మీద కూర్చుంటే చాలని లోలోపల కుమిలింది నేను.

"నానే సెప్పాను!" అని అరిచాను. ఎవరూ తల తిప్పలేదు. అందరూ దాన్నే చూస్తున్నారు. ఇక మాటలతో పని కాదనిపించింది. మా ఆయన చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని వెళ్లాను.

"జరుగే" అన్నాను.

"రా అక్కా" అంటూ సరళ జరిగింది. ఆ రాయి మీద ముగ్గురికి చోటు చాలదు. జగదీష్ అంచుదాకా జరిగి జరిగి, ఇక ఆగలేక లేచి నిలబడ్డాడు.

"రెండు మేకలు!" అని సోంబరు అరుస్తున్నాడు.

"తెత్తాంలే తాతా" అన్నాను.

కళ్లం షెడ్డు పక్కనే అని ఆడవాళ్లంతా చేతులెత్తారు. మగవాళ్లలోనూ కొందరు ఎత్తారు. రాయి చల్లగా, హాయిగా ఉంది. కాకపోతే సరళ కూర్చున్న వైపు కొంచెం ఎత్తు, అందరికీ ముందు అదే కనబడుతోంది. వచ్చే సభకు దానికంటే ముందు నేనొస్తాను.